నాక్ సెన్సర్ కోడ్ వచ్చిందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మూడు నెలల్లో రెండు కొత్త నాక్ సెన్సర్లు (ఇంజిన్ లోపలి చెడు మోతను వినే పరికరాలు) వేసుకున్న కారు ఒకటి నా దగ్గరకు వచ్చింది. రెండుసార్లూ వారం తిరగకుండానే చెక్ ఇంజిన్ లైట్ మళ్లీ వెలిగిందట. స్కానర్ పెడితే పీ0326 అనే నాక్ సెన్సర్ కోడ్. విప్పి తీసిన సెన్సర్లు రెండూ కారాయన ఒక కవర్‌లో దాచుకుని తెచ్చారు. వాటిని బెంచీ మీద పెట్టి కొలిచాను, రెండూ బాగున్నాయి. బండిలో ఉన్న మూడోది కొలిచాను, అదీ బాగానే ఉంది.

ఆ బండి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కానర్‌లో కనపడే మాట "నాక్ సెన్సర్ సర్క్యూట్". సర్క్యూట్ అంటే సెన్సర్, దాని కనెక్టర్, వైరు, ఆ వైరు మీది షీల్డ్ (చుట్టూ అల్లిన తీగల తొడుగు), ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) దాని పిన్ను, ఇవన్నీ కలిపి. నేను వైరింగ్ పనితో మొదలుపెట్టి తర్వాత ఇంజిన్ పని నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఈ జాబితాకు ఇంకో రెండు కలుపుతాను. సెన్సర్‌ను పట్టి ఉంచే బోల్ట్, అది ఆనుకునే బ్లాక్ ఉపరితలం. ఈ సెన్సర్ విషయంలో ఆ రెండూ సెన్సర్‌లో భాగమే.

అది ఎలా వింటుంది

నాకు పని నేర్పిన గురువుగారు ఇంజిన్‌లో శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వెతకాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బ్లాక్ మీద నొక్కిపెట్టి, పిడిని చెవికి ఆనించుకునేవారు. మొన గట్టిగా ఆనకపోతే ఏమీ వినపడదు. మొన కింద గ్రీజు, మట్టి ఉన్నా శబ్దం మొద్దుబారిపోతుంది. నాక్ సెన్సర్ చేసే పని కూడా ఇదే. దాని లోపల ఒక పీజో ముక్క ఉంటుంది. ఒత్తిడి పడితే అందులో విద్యుత్తు పుడుతుంది. జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు 1880లో స్ఫటికాల్లో కనిపెట్టిన గుణం ఇది. బ్లాక్ అదిరినప్పుడల్లా ఆ ముక్క నలిగి, చిన్న ఏసీ వోల్టేజీని వైరులోకి పంపుతుంది.

స్పార్క్ పడ్డాక మంట ఒక వైపు నుంచి వరుసగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో మిగిలిన గాలి, పెట్రోల్ మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే అదే నాక్. ఆ దెబ్బకు సిలిండర్ గంటలా మోగుతుంది. సుమారు 80 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో ఆ మోత 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బోర్ పెద్దదైతే ఇంకాస్త కిందికి దిగుతుంది. ఈసీయూ అన్ని వేళలా వినదు. ఒక్కో సిలిండర్‌లో స్పార్క్ పడ్డాక, పిస్టన్ పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టే కొద్దిపాటి సమయంలోనే చెవి ఒగ్గుతుంది. అందుకే నాలుగు సిలిండర్లకు ఒకే సెన్సర్ ఉన్నా, నాక్ అయింది ఏ సిలిండరో దానికి తెలుస్తుంది. నాక్ వినపడితే టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, కొన్ని డిగ్రీలు వెనక్కి లాగుతుంది. మోత ఆగాక మెల్లగా మళ్లీ ముందుకు తెస్తుంది.

ఈ వినికిడి పోయిందని ఈసీయూకి అనుమానం వస్తే అది భయంతో నడుస్తుంది. నాక్ అవుతోందో లేదో తెలియదు కాబట్టి ముందుజాగ్రత్తగా టైమింగ్‌ను వెనక్కే ఉంచేస్తుంది. బండి తోసుకుంటూ పోతున్నట్టు బరువుగా ఉంటుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ పడుతుంది. ఎక్కువమంది నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు ఇదే. ఇంజిన్‌లో నాక్ వినపడుతోందని వచ్చేవాళ్లు తక్కువ.

కోడ్‌ను ఎలా చదవాలి

పీ0325 అంటే మొదటి బ్యాంకు (సిలిండర్ల వరుస) సెన్సర్ సర్క్యూట్‌లో తేడా. పీ0326 అంటే సిగ్నల్ వస్తోంది, కానీ ఉండాల్సిన హద్దులో లేదు. పీ0327 సిగ్నల్ తక్కువ, పీ0328 ఎక్కువ, పీ0329 వస్తూ పోతూ ఉంది. రెండో సెన్సర్‌కు ఇదే వరుసలో పీ0330 నుంచి పీ0334 వరకు ఉంటాయి. వీ ఆకారపు ఇంజిన్లలో ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వైపే మొదటి బ్యాంకు. మీరు ఏ వైపు నిలబడి చూస్తున్నారన్నదానితో దీనికి సంబంధం లేదు. ఇక్కడ పొరపడి అవతలి సెన్సర్‌ను విప్పినవాళ్లను చూశాను.

పీ0327 అంటే షార్ట్, పీ0328 అంటే ఓపెన్ అని కొందరు బట్టీ పడతారు. అది బండిని బట్టి మారుతుంది. కొన్ని కార్లలో ఈసీయూ ఈ వైరు మీద ఒక చిన్న వోల్టేజీ నిలబెట్టి ఉంచుతుంది. ఉదాహరణకు టొయోటా చాలా ఇంజిన్లలో 5 వోల్టులను ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా పంపుతుంది. సెన్సర్ లోపల కూడా రెసిస్టర్ ఉంటుంది కాబట్టి వైరు మీద మధ్యస్థంగా ఒక వోల్టేజీ నిలుస్తుంది. అది 0.5 వోల్ట్ కంటే పడిపోతే పీ0327, 4.5 వోల్టులు దాటితే పీ0328. అంటే అక్కడ వైరు ఎర్త్‌కు తగిలితే తక్కువ కోడ్, వైరు తెగితే ఎక్కువ కోడ్. ఇంకొన్ని కార్లలో ఇలా వోల్టేజీ నిలబెట్టరు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ మామూలు మోత కూడా పెరగాలి కదా, అది పెరగకపోతే సెన్సర్ పలకడం లేదని ఈసీయూ తేల్చుకుంటుంది. అలాంటి బండిలో వైరు తెగినా తక్కువ కోడే రావచ్చు. అందుకే మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఆ సర్క్యూట్ బొమ్మ ఒకసారి చూసుకోండి. అది చూడకుండా మీటర్ పట్టుకుంటే వచ్చిన అంకెకు అర్థం ఉండదు.

కోడ్ చెరిపేయకముందే ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోండి. చెరిపితే అదీ పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, వేడి ఎంత, లోడ్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. తాళం తిప్పిన వెంటనే, ఇంజిన్ చల్లగా ఉండగానే పడిన కోడ్ అయితే నా చూపు వైరు మీదికి పోతుంది. వేడెక్కాక 3000 ఆర్‌పీఎం పైన, లోడ్ మీద పడిన పీ0326 అయితే బోల్ట్ మీదికీ, ఇంజిన్‌లోని ఇతర మోతల మీదికీ పోతుంది. ఈ ఒక్క పేజీ నాకు చాలాసార్లు సగం పని తగ్గించింది.

నిజంగానే నాక్ అవుతోందా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తక్కువ ఆక్టేన్ పెట్రోల్, ఇంజిన్ వేడెక్కిపోవడం, పిస్టన్ తల మీద పేరుకున్న కార్బన్, పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం, పని చేయని ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్), ఇవన్నీ అసలైన నాక్‌ను తెస్తాయి. అప్పుడు సెన్సర్ తన పని తాను చేస్తోంది. దాన్ని మారిస్తే ఏమీ ఒరగదు. లోడ్ మీద వెళ్తుంటే గోళీలు డబ్బాలో వేసి కదిపినట్టు మోత వినపడుతుంటే, స్కానర్‌లో నాక్ రిటార్డ్ (నాక్ వల్ల టైమింగ్ వెనక్కి పోయిన) డిగ్రీలు ఆ మోతతో పాటే పెరుగుతుంటే, ముందు పెట్రోల్, కూలింగ్ చూడండి.

విప్పకుండా చూడగలిగేవి

రకరకాల సెన్సర్లు ఉన్నా చేతికి తగిలేవి రెండు రకాలు. ఒకటి మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్ల, ఆ రంధ్రంలోంచి బోల్ట్ వెళ్తుంది. సాధారణంగా రెండు పిన్నులు ఉంటాయి. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఇదే. రెండోది తనకే మరలు ఉండి బ్లాక్‌లోకి బిగుసుకునేది. ఇందులో చాలావాటికి ఒకే వైరు, ఎర్త్ దాని ఒంటి నుంచే అందుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో తరచుగా రెండో, మూడో సిలిండర్ల మధ్య బ్లాక్‌కు ఉంటుంది. వీ ఇంజిన్లలో కొన్నిట్లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికి వెళ్లే గొట్టాల భాగం) కింద, రెండు సిలిండర్ల వరుసల మధ్య లోయలో దాగి ఉంటుంది. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్‌1 అలాంటిదే. అక్కడ మానిఫోల్డ్ తీయనిదే సెన్సర్ కనపడదు.

కనపడేచోట ఉంటే ముందు టార్చ్ వేసి చూడండి. కనెక్టర్ క్లిప్ విరిగి వేలాడుతోందా, వైరు వేడి గొట్టానికి ఆనుకుని కాలిందా, బ్రాకెట్ అంచుకు రాసుకుని లోపలి రాగి కనపడుతోందా, ఎలుక కొరికిన గుర్తులున్నాయా. కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే, నూనెలో నాని ఉంటే, ఆడ పిన్ను నోరు వెడల్పై ఉంటే అక్కడే ఆగండి. హెడ్‌లైట్ వైరు మీద ఇలాంటి చిలుము ఉన్నా లైట్ కాస్త మసకగా వెలుగుతుంది. ఇక్కడ నడిచేది మిల్లీవోల్టుల సిగ్నల్. గోరంత చిలుము చాలు దాన్ని మింగేయడానికి.

ఒక బండి కడిగిన ప్రతిసారీ పీ0327 వచ్చి, రెండు రోజులకు దానంతటదే పోయేది. కనెక్టర్ వెనక వైరు చుట్టూ ఉండే రబ్బరు సీలు చిట్లి ఉంది. నీరు వైరు వెంబడి పాకి పిన్నుల మధ్య నిలిచేది, ఇంజిన్ వేడికి ఆరిపోయేది. పిన్నులు, సీలు మార్చాక ఆ బండి ఈ ఫిర్యాదుతో మళ్లీ రాలేదు. కోడ్ వాతావరణంతోనో, కడగడంతోనో ముడిపడి ఉందా అని బండి ఓనర్‌ను తప్పకుండా అడగండి. వాళ్లు చెప్పేది ఏ మీటరూ చెప్పదు.

మీటర్‌తో

డిజిటల్ మల్టీమీటర్ వాడండి. ముల్లు తిరిగే పాత మీటర్ ఇక్కడ పనికిరాదు, దానిలోంచే కరెంటు పారి వోల్టేజీని పడగొట్టేస్తుంది. టెస్ట్ ల్యాంప్ అసలే వద్దు.

మొదటిది, సెన్సర్ కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, వైరింగ్ వైపున్న రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. వోల్టేజీ నిలబెట్టే బండి అయితే మాన్యువల్‌లో చెప్పినది రావాలి. నేను పైన చెప్పిన రకంలో 4.5 నుంచి 5.5 వోల్టుల మధ్య కనపడాలి. వచ్చిందంటే ఈసీయూ నుంచి ఇక్కడి వరకు రెండు వైర్లూ ఉన్నట్టే. తప్పు సెన్సర్‌లోనో, దాని పిన్నుల్లోనో వెతకాలి. రాలేదంటే సెన్సర్‌ను వదిలేసి వైరు వెంట వెనక్కి నడవాలి.

రెండోది, తాళం తీసేసి సెన్సర్ పిన్నుల మధ్య రెసిస్టెన్స్. ఒక్కో తయారీదారుకు ఒక్కో అంకె. టొయోటాలో రెసిస్టర్ ఉన్న రకానికి 20 డిగ్రీల వేడిలో 120 నుంచి 280 కిలో ఓంలు. కొన్ని పాత ఒంటి వైరు సెన్సర్లకు 100 కిలో ఓంల దరిదాపుల్లో ఉంటుంది. లోపల రెసిస్టర్ లేని బాష్ తరహా బిళ్ల సెన్సర్‌లో ఒక మెగా ఓం పైనే ఉంటుంది, చాలా మీటర్లలో ఓపెన్ అనే కనపడుతుంది. దాన్ని చూసి సెన్సర్ తెగిపోయిందని పారేయొద్దు. ఆ రకానికి మీటర్‌లో కెపాసిటెన్స్ పెట్టి చూడండి, ఒక నానోఫారడ్ అటూ ఇటూగా రావాలి.

ఈ కొలతల్లో ఒక పొరపాటు నేనూ చేశాను, నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లూ చేస్తారు. రెండు ప్రోబుల మొనలనూ వేళ్లతో పిన్నుల మీద నొక్కి పట్టుకుంటాం. కిలో ఓంలు, మెగా ఓంలు కొలిచేటప్పుడు మన ఒంటి రెసిస్టెన్స్ కూడా పక్కన చేరి లెక్కలోకి వస్తుంది. చేతులు చెమట పట్టి ఉంటే మరీను. ఒక ప్రోబుకైనా క్లిప్ పెట్టి చేయి తీసేయండి. అలాగే రీడింగ్ నిలబడేదాకా కాస్త ఆగండి, పీజో ముక్క కెపాసిటర్‌లా చార్జ్ అవుతూ అంకెను కదిలిస్తుంది.

రెండు పిన్నులున్న బిళ్ల సెన్సర్ అయితే ఒక్కో పిన్నుకూ సెన్సర్ లోహపు ఒంటికీ మధ్య కూడా చూడండి. చాలావాటిలో అక్కడ ఏ కనెక్షనూ ఉండకూడదు. ఉంటే లోపల ఇన్సులేషన్ పోయినట్టు.

మూడోది వైరు. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఈసీయూ కనెక్టర్ కూడా విప్పి, రెండు చివరల మధ్య ఒక్కో వైరునూ కొలవండి. ఒక ఓం లోపే ఉండాలి. తర్వాత ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య, వైరుకూ వైరుకూ మధ్య, వైరుకూ షీల్డ్‌కూ మధ్య చూడండి. ఎక్కడా కనెక్షన్ ఉండకూడదు. ఈ షీల్డ్ చెకింగ్ చాలామంది చేయరు, కానీ తరచుగా దొరికేది అక్కడే. అల్లిన తీగ పోగొకటి ఊడి లోపలి సిగ్నల్ వైరు ఇన్సులేషన్‌లోకి గుచ్చుకుంటుంది. బండి కదిలినప్పుడు తగులుతుంది, ఆగితే వదిలేస్తుంది. కాబట్టి మీటర్ పెట్టి ఉంచి వైరును మొత్తం పొడవునా కొంచెం కొంచెంగా వంచండి, లాగండి, కనెక్టర్ల మెడలు కదపండి. మీటర్‌లో కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే బటన్ ఉంటే దాన్ని నొక్కి ఉంచండి, మీ కళ్లు వైరు మీద ఉన్నా మీటర్ చూసేస్తుంది. వైరు తొక్కలో ప్రోబు గుచ్చి కొలవొద్దు. ఆ రంధ్రంలోంచి నీరు దిగి ఆరు నెలలకు కొత్త జబ్బు తెస్తుంది. కనెక్టర్ వెనక నుంచి సన్నటి పిన్ను పెట్టండి.

మానిఫోల్డ్ కింద ఉన్న సెన్సర్లకు నేను ఈ వరుస తిరగేస్తాను. ముందు ఈసీయూ కనెక్టర్ విప్పి, అక్కడి పిన్నుల నుంచి సెన్సర్ వైపు కొలుస్తాను. సెన్సర్‌లో రెసిస్టర్ ఉన్న రకమైతే ఆ అంకె ఈసీయూ దగ్గరే కనపడుతుంది. కనపడితే వైరూ సెన్సరూ రెండూ కలిసి ఉన్నట్టే, కోడ్ తీరు పీ0326 కాకపోతే మానిఫోల్డ్ జోలికి వెంటనే పోనక్కర్లేదు. రెసిస్టర్ లేని రకమైతే కెపాసిటెన్స్ చూస్తాను. వైరు మధ్యలో తెగి ఉంటే ఆ విలువ బాగా తగ్గిపోయి కనపడుతుంది. మానిఫోల్డ్ విప్పాలంటే పూట పడుతుంది, ఈ కొలతకు పావుగంట చాలు.

తట్టి చూడటం

సెన్సర్ పలుకుతోందా అన్నది రెసిస్టెన్స్ చెప్పదు. పీజో ముక్క పగిలినా రెసిస్టర్ మామూలుగానే అంకె చూపిస్తుంది. సెన్సర్‌ను బ్లాక్ మీదే బిగించి ఉంచి, కనెక్టర్ విప్పి, దాని పిన్నులకు మీటర్ క్లిప్పులు తగిలించి ఏసీ మిల్లీవోల్ట్‌లో పెట్టండి. ఇంజిన్ ఆపి ఉండాలి. సెన్సర్‌కు బెత్తెడు దూరంలో బ్లాక్ మీద చిన్న స్పానర్‌తో టక్ టక్ మని మెల్లగా తట్టండి. సెన్సర్ మీదే కొట్టకండి, పీజో ముక్క పగులుతుంది. ప్రతి దెబ్బకూ అంకె ఎగరాలి. ఎంత ఎగిరిందన్నది పట్టించుకోవద్దు. మీటర్ అంత వేగంగా పట్టుకోలేదు, అది ప్రాణం ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది.

ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు దాన్నే పెట్టండి. తట్టిన ప్రతిసారీ ఒక పెద్ద అల లేచి, చిన్నవై చిన్నవై ఆగిపోయే వరుస కనపడుతుంది. గుడిగంట కొట్టి వదిలేస్తే మోత ఎలా తగ్గుతుందో అలా. ఇంజిన్ నడుపుతూ చూస్తే వేగం పెంచేకొద్దీ ఆ గజిబిజి ఎత్తు పెరగాలి. దాని మధ్యలో స్పార్క్ పడిన ప్రతిసారీ సూదిలాంటి గీతలు నిటారుగా లేస్తుంటే షీల్డ్ పని చేయడం లేదని, కాయిల్ వైరు విద్యుత్ అలజడిని ఈ వైరు పట్టుకుంటోందని నాకు అర్థమవుతుంది.

ఇక ఆ బోల్ట్ సంగతి

మొదట చెప్పిన కారులో మీటర్ కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి. వోల్టేజీ ఉంది, వైరు బాగుంది, షీల్డ్ బాగుంది. తట్టి చూస్తే అంకె ఎగిరింది కానీ పేలవంగా ఉంది. బోల్ట్ మీద స్పానర్ వేశాను, వేలితో తిప్పినంత తేలిగ్గా వదులైంది. సెన్సర్ తీసి చూస్తే దాని కింద బ్లాక్ మీద వెండి రంగు పెయింటు మందంగా ఉంది. ఆరు నెలల కిందట ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించారట, అందంగా ఉంటుందని ఎవరో బ్లాక్‌కంతా రంగు కొట్టారు. బోల్ట్ తల కింద ఒక స్ప్రింగ్ వాషర్ కూడా వేశారు. కొత్త సెన్సర్ వేసిన రెండుసార్లూ ఆ పెయింటు, ఆ వాషర్ అలాగే ఉండిపోయాయి.

స్క్రూడ్రైవర్ మొన కింద గుడ్డ పెట్టి వినడానికి కూర్చున్నట్టయింది. పెయింటు మెత్తగా ఉండి పైస్థాయి మోతలను మింగేస్తుంది, వేడికి నలిగి పలచబడి బోల్ట్‌ను వదులు చేస్తుంది. వాషర్ తన మోత తాను కలుపుతుంది. పెయింటును అల్యూమినియం కనపడేదాకా గీకి, గీతలు పడకుండా నున్నగా తుడిచి, వాషర్ పక్కన పడేసి, కంపెనీ చెప్పిన బోల్ట్ వేసి టార్క్ రెంచ్‌తో 20 న్యూటన్ మీటర్లకు బిగించాను. అదే సెన్సర్, అదే వైరు. కోడ్ మళ్లీ రాలేదు.

బాష్ బిళ్ల సెన్సర్లకు ఎం8 బోల్ట్, టార్క్ 20 న్యూటన్ మీటర్లు, 5 అటూ ఇటూ. మీ ఇంజిన్‌కు వేరే అంకె ఉంటే అదే పాటించండి. కానీ ఏ అంకె అయినా టార్క్ రెంచ్‌తోనే. నా చేతికి లెక్క తెలుసు అని నేనూ అనుకునేవాణ్ని. ఒకసారి నా చేతి బిగింపును రెంచ్‌తో సరిచూసుకుంటే 35 దాటింది. ఎక్కువ బిగిస్తే పీజో ముక్క మీద ఒత్తిడి పెరిగి అది వినే తీరే మారిపోతుంది, కొన్నిసార్లు లోపలే పగులుతుంది. తక్కువ బిగిస్తే వినపడదు, లేదా సెన్సర్ తానే గిలకకొట్టుకుని లేని నాక్‌ను చూపిస్తుంది. ఏ రకపు వాషరూ వద్దు. గ్రీజు వద్దు. మరలున్న ఒంటి వైరు రకానికి మరల మీద టెఫ్లాన్ టేపు, సీలెంటు వద్దు, ఎర్త్ పోతుంది. ఆ రకంలో కొన్ని పాత ఇంజిన్లలో సెన్సర్ నేరుగా కూలెంట్ దారిలోకే బిగించి ఉంటుంది. విప్పగానే కూలెంట్ బయటకు చిమ్ముతుంది కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందే కూలెంట్ దించి పని మొదలుపెట్టండి.

చేజారి నేల మీద పడ్డ సెన్సర్‌ను వేయొద్దు. పైకి గీత కూడా పడదు. అలాంటిదాన్ని తుడిచి వేసి, బండి తిరిగొచ్చాక మళ్లీ విప్పాల్సి వచ్చింది నాకు. అప్పటినుంచి కొత్త సెన్సర్‌ను బిగించే క్షణం దాకా పెట్టెలోనే ఉంచుతాను.

అన్నీ బాగుండి కూడా పీ0326 వస్తుంటే

అప్పుడు సెన్సర్ నిజమే చెబుతోంది, మనమే వినడం లేదు. వదులైన హీట్ షీల్డ్, విరిగిన ఆల్టర్నేటర్ బ్రాకెట్, సాగిన టైమింగ్ చైన్, అరిగిన బేరింగ్, చల్లని ఇంజిన్‌లో పిస్టన్ గోడకు తగిలే చప్పుడు, ఇవన్నీ బ్లాక్ గుండా సెన్సర్ దాకా పాకుతాయి. ఇక్కడ నేను మా గురువుగారి స్క్రూడ్రైవరే తీస్తాను, ఇప్పుడు స్టెతస్కోపూ ఉంది. ఫ్యాన్, బెల్టుల దగ్గర చేయి, చొక్కా జాగ్రత్త. ఇంజిన్ నడుస్తుండగా బ్లాక్ చుట్టూ ఒక్కో బ్రాకెట్ మీదా వినండి. బెల్ట్ తీసేసి కొద్ది సెకన్లు మాత్రమే నడిపి చూస్తే బెల్ట్‌తో తిరిగే భాగాల మోతో కాదో తేలిపోతుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే ఉంటే ఇంజిన్ వేడెక్కకముందే ఆపేయాలి. కవాటాలు నడిపే టైమింగ్ బెల్ట్ జోలికి మాత్రం పోవద్దు, తీసేది బయటి డ్రైవ్ బెల్ట్.

వైరు బాగు చేయాల్సి వస్తే అతుకు వేసే తీరు ముఖ్యం. సిగ్నల్ వైరూ తిరుగు వైరూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయి. ఆ మెలి ఊడదీసిన భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. రెండు అతుకులూ పక్కపక్కన కాకుండా కాస్త ముందువెనకలుగా వేసి, సోల్డర్ చేసి, ష్రింక్ గొట్టం తొడిగి, షీల్డ్‌ను మళ్లీ చుట్టి కలపండి. షీల్డ్‌కు ఎర్త్ ఒక చివరే, సాధారణంగా ఈసీయూ వైపే. మంచిదే కదా అని రెండో చివరా ఎర్త్ చేస్తే షీల్డ్‌లోనే కరెంటు పారి కొత్త విద్యుత్ అలజడి తెస్తుంది. బాగు చేసిన వైరును కాయిల్ వైర్లకు, ఆల్టర్నేటర్ కేబుల్‌కు దూరంగా, పాత దారిలోనే కట్టండి.

నన్ను చాలా బాధపెట్టే పని ఒకటుంది. లైట్ వెలగకూడదని కొందరు సెన్సర్ స్థానంలో ఒక రెసిస్టర్ అతికించి పంపేస్తారు, లేదా సెన్సర్‌ను బ్లాక్ నుంచి తీసి ఎక్కడో బ్రాకెట్‌కు కడతారు. లైట్ ఆరుతుంది, పికప్ కూడా తిరిగి వస్తుంది. ఓనర్ సంతోషంగా వెళ్తాడు. కానీ ఇప్పుడు ఈసీయూ తనకు అంతా వినపడుతోందని నమ్మి టైమింగ్ ముందుకే పెడుతోంది, అసలు నాక్ వచ్చినా దానికి తెలియదు. టర్బో ఇంజిన్ అయితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడానికి ఎంతో సేపు పట్టదు. అలా విరిగిన పిస్టన్ ఒకటి నా బల్ల సొరుగులో ఉంది, కొత్తగా పనిలో చేరిన ప్రతి కుర్రాడికీ ముందు దాన్ని చూపిస్తాను. మీ చేతికి వచ్చిన బండిలో అలాంటి రెసిస్టర్ కనపడితే ఓనర్‌కు చూపించి, తీసేయండి.

చివరగా రోడ్డు మీద

కోడ్ చెరిపి, ఇంజిన్ మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. చాలా బండ్లలో ఇంజిన్ చల్లగా ఉండగా ఈసీయూ ఈ సెన్సర్‌ను పరీక్షించనే పరీక్షించదు, కాబట్టి షెడ్డులో ఐదు నిమిషాలు ఆన్ చేసి లైట్ వెలగలేదని పంపేయొద్దు. స్కానర్ పట్టుకుని మీరు పక్క సీట్లో కూర్చోండి, నడిపేది ఇంకొకరు. ఇగ్నిషన్ టైమింగ్, నాక్ రిటార్డ్, కూలెంట్ వేడి, ఇంజిన్ వేగం, ఈ నాలుగూ ఒకే పేజీలో పెట్టుకోండి. పై గేరులో, తక్కువ వేగం నుంచి ఎక్కుడు దారిలో లోడ్ ఇవ్వండి. అప్పుడప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పోయి మళ్లీ సున్నాకు వస్తుంటే ఇంజిన్ ఆరోగ్యంగా వింటోంది. ఎంత తొక్కినా ఒకే పెద్ద అంకె దగ్గర బిగుసుకుపోయి ఉంటే ఈసీయూ ఇంకా భయంలోనే ఉంది, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో మీరు రాసుకున్న వేగం, లోడ్ దగ్గరికి మళ్లీ తెచ్చి చూడండి. బ్యాటరీ తీసి పెట్టిన బండి అయితే ఈసీయూ నేర్చుకున్నవి మర్చిపోయి ఉంటుంది, మొదటి కొద్ది దూరం పికప్ కాస్త మందంగా ఉన్నా కంగారుపడొద్దు.

తిరిగి వచ్చాక ఇంజిన్ వేడిగా ఉండగానే పెండింగ్ కోడ్‌ల పేజీ చూడండి. కొన్ని బండ్లలో తప్పు రెండోసారి పడితేనే లైట్ వెలుగుతుంది, మొదటిసారిది ఈ పేజీలోనే దాక్కుని ఉంటుంది. నేను మర్నాడు పొద్దున్న చల్లని ఇంజిన్‌తో ఇంకోసారి నడిపి, అదే పేజీ మళ్లీ చూసి, అప్పుడే తాళం ఓనర్ చేతిలో పెడతాను.